పొలం ఆసామిదే, గుంట పూడ్చే హక్కు మాత్రం అమ్మేశాడు: కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే ఏంటి?

ఇవాళ్టి టాపిక్ పేరు వినగానే సగం మంది వీడియో కట్టేస్తారని నాకు తెలుసు. కన్జర్వేషన్ ఈజ్‌మెంట్. పేరు లీగల్‌గా ఉంది గానీ విషయం మాత్రం పొలం, నీళ్లు, డబ్బులు. పది నిమిషాలు ఉండండి, చెప్తాను.

ముందు ఒక పని చేయండి. ఇంట్లో బీరువాలో పాత సేల్ డీడ్ ఉంటే తీసి చూడండి. ఆస్తి వివరం, హద్దులు రాశాక చివర్లో "సకల ఈజ్‌మెంటు హక్కులతో సహా" అన్నట్టు ఒక ముక్క చాలా దస్తావేజుల్లో కనిపిస్తుంది. డాక్యుమెంట్ రైటర్ గారు రాసేస్తారు, మనం సంతకం పెట్టేస్తాం, అదేంటని ఎవరూ అడగం. ఈజ్‌మెంట్ అంటే వేరేవాళ్ల భూమి మీద మనకుండే ఒక చిన్న హక్కు. మీ పొలానికి వెళ్లాలంటే పక్కవాళ్ల గట్టు మీద నుంచే వెళ్లాలి, ఆ దారి హక్కు ఈజ్‌మెంట్. మీ చేలోకి నీళ్లు వాళ్ల చేలో బోదె నుంచి రావాలి, అదీ ఈజ్‌మెంటే. భూమి వాళ్లది, ఆ ఒక్క హక్కు మీది. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు. బ్యాక్‌యార్డ్ చివర షెడ్ వేద్దామనుకుంటే, అక్కడ యుటిలిటీ ఈజ్‌మెంట్ ఉంది, కింద పైపులు వెళ్తున్నాయి, కట్టకూడదు అని సర్వే మ్యాప్ చూపిస్తారు. స్థలానికి ట్యాక్స్ కట్టేది మీరే, అక్కడ గోడ కట్టే హక్కు మాత్రం మీకు లేదు.

నేను ఒకప్పుడు కోడ్ రాసుకునేవాణ్ణి కాబట్టి నా బుర్రకి ఇలా ఎక్కింది. ఫైల్‌కి ఓనర్ మీరే. చదవొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు, వేరే ఫోల్డర్‌లోకి మార్చొచ్చు. కానీ ఒక్క డిలీట్ పర్మిషన్ తీసేసి దాన్ని వేరేవాళ్ల చేతికిచ్చారు. రేపు ఆ ఫైల్ ఎవరికి ఇచ్చినా ఆ పర్మిషన్ లేకుండానే వెళ్తుంది. కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఇంతే. రైతు తన భూమిని అమ్మడు. అందులో ఉన్న చిత్తడి నేలని ఎండగట్టే హక్కు, పూడ్చే హక్కు అమ్ముతాడు. కొన్నవాళ్లు ఆ హక్కుని వాడుకోరు, తీసి పక్కన పెట్టేస్తారు. అది వాడకుండా ఉండటానికే ఆ డబ్బులు.

ఇది బాగా నడిచిన చోటుకి వెళ్దాం. అమెరికా ఉత్తరాన నార్త్ డకోటా, సౌత్ డకోటా, మిన్నెసోటా, అయోవా, మోంటానా, అటు కెనడా దాకా ఒక ప్రాంతం ఉంది. ప్రెయరీ పాట్‌హోల్ అంటారు. పాట్‌హోల్ అంటే రోడ్డు మీద గుంట గుర్తొస్తుంది, నిజంగానే అలాంటివే. పది పన్నెండు వేల ఏళ్ల కిందట హిమనదాలు కరిగి వెనక్కి వెళ్లినప్పుడు నేల మీద లక్షలాది గుంటలు మిగిలాయి. అర ఎకరం ఉండొచ్చు, పదెకరాలు ఉండొచ్చు. వసంతంలో మంచు కరిగి వాటిల్లో నీళ్లు నిలుస్తాయి, చాలావాటిల్లో వేసవి నడిమికి ఎండిపోతాయి. చూడటానికి మన ఊళ్లో వానాకాలం పొలంలో నిలిచే మడుగులా ఉంటుంది, పెద్ద అందమేం ఉండదు. కానీ ఉత్తర అమెరికా బాతుల్లో సగం దాకా ఈ ప్రాంతంలోనే పుడతాయి. అక్కడ వాళ్లు దీన్ని బాతుల ఫ్యాక్టరీ అనే పిలుస్తారు. లోతు తక్కువ కాబట్టి నీళ్లు తొందరగా వెచ్చబడతాయి, పురుగులు, నత్తలు పడతాయి, గుడ్లు పెట్టబోయే ఆడబాతుకి కావాల్సిన ప్రోటీన్ అక్కడే దొరుకుతుంది. పెద్ద చెరువు ఒకటి ఉంటే సరిపోదా అంటే సరిపోదు. ఒక్కో జంట తన చోటు తనకి కావాలంటుంది కాబట్టి చిన్నవి చాలా ఉండాలి.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూద్దాం. మొక్కజొన్న, సోయా వేస్తాడు. నలభై అడుగుల వెడల్పున్న యంత్రం వేసుకుని వెళ్తుంటే మధ్యలో గుంట. చుట్టూ తిప్పాలి, డీజిల్ దండగ, టైమ్ దండగ, అంచుల్లో విత్తనం కుళ్లిపోతుంది. ఒక కాలవ తవ్వితే, లేదా చిల్లులున్న పైపులు నేలలో మూడు నాలుగు అడుగుల లోతున వేస్తే ఆ ఎకరాలన్నీ పంటలోకి వస్తాయి. ఆ పైపుల పనిని టైల్ డ్రైనేజీ అంటారు. ఆయన స్థానంలో నేనున్నా తవ్వేవాణ్ణే. పైగా అప్పటి ప్రభుత్వం కూడా అదే తవ్వమంది. 1849, 1850, 1860ల్లో వచ్చిన స్వాంప్ ల్యాండ్ చట్టాల కింద కేంద్రం చిత్తడి భూముల్ని రాష్ట్రాలకి ఇచ్చేసింది, వాటిని ఎండగట్టి సాగులోకి తెమ్మని. 1780ల నుంచి 1980ల మధ్య అలాస్కా, హవాయి కాకుండా మిగిలిన 48 రాష్ట్రాల్లో 22.1 కోట్ల ఎకరాల చిత్తడి నేలలు 10.4 కోట్లకి పడిపోయాయని వాళ్ల ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 1990లో లెక్క కట్టింది. రెండొందల ఏళ్లపాటు గంటకి అరవై ఎకరాలు. ఈ వీడియో పూర్తయ్యేలోపు పదెకరాలు పోయినట్టు.

మరి దీన్ని ఆపాలంటే ఏం చేయాలి? నిషేధిస్తూ చట్టం చేయొచ్చు, కానీ రైతుకి కడుపు మండుతుంది. భూమి మొత్తం కొనేయొచ్చు, అంత డబ్బుండదు, ఉన్నా రైతు ఊరు వదిలి పోవాలి. మూడో దారి 1958లో పడింది, దాని వెనక ఒక సరదా అయిన కథ ఉంది.

1934లో, అంటే కరువు, ఆర్థిక మాంద్యం రెండూ నడుస్తున్న కాలంలో, అమెరికా ఒక స్టాంపు పెట్టింది. డక్ స్టాంప్. బాతుల వేటకి వెళ్లాలంటే ఏటా ఆ స్టాంపు కొనాల్సిందే. మొదటి స్టాంపు బొమ్మ గీసింది జె. ఎన్. డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. ధర ఒక డాలరు, ఇప్పుడు పాతిక. ఆ డబ్బులో డాలరుకి 98 సెంట్లు పక్షుల ఆవాసాల మీదే ఖర్చుపెట్టాలి. అంటే బాతుల్ని కాల్చేవాళ్లే బాతుల ఇళ్లకి డబ్బులు కడుతున్నారు. వినడానికి వింతగా ఉన్నా, ఇప్పటిదాకా అరవై లక్షల ఎకరాలకి పైగా కాపాడటానికి ఆ డబ్బులు పనికొచ్చాయి. మొదట్లో దాంతో భూములు కొనేవారు. 1958లో చట్టం మార్చి, చిన్న చిత్తడి నేలల్ని కొనొచ్చు, లేదా వాటి మీద ఈజ్‌మెంట్ మాత్రం కొనొచ్చు అన్నారు.

ఆ ఈజ్‌మెంట్‌లో రైతు ఒప్పుకునేవి నాలుగే. గుంటలోంచి నీళ్లు బయటకి పంపను, పూడ్చను, చదును చేయను, తగలబెట్టను. బదులుగా ఒకేసారి డబ్బులు ఇస్తారు. ఒప్పందం శాశ్వతం. ట్యాక్స్ రైతే కడతాడు, గుంట చుట్టూ వ్యవసాయం మామూలే. ఊళ్లో వాళ్లెవరూ వచ్చి అందులో తిరగడానికి వీల్లేదు, వేటకి ఎవర్ని రానివ్వాలో ఆయనిష్టం. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఎండల వల్ల గుంట దానంతటదే ఎండిపోతే ఆ ఏడు అందులో దున్నుకోవచ్చు, గడ్డి కోసుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు. నీళ్లు వచ్చినప్పుడు బాతులది, పోయినప్పుడు రైతుది. వ్యవసాయం తెలిసినవాళ్లు రాసుకున్న షరతు అది.

డబ్బులు ఎలా లెక్క కడతారు? ముందు, తర్వాత అని రెండు విలువలు చూస్తారు. ఇది నేను ఊహించి చెప్పే లెక్క, రేట్లు నిజమనుకోకండి. గుంట ఉన్న ఇరవై ఎకరాలు ఎండగడితే ఎకరం ఆరు వేల డాలర్లు పలుకుతుంది అనుకుందాం. ఎండగట్టకూడదు అని కాగితం మీద ఉంటే ఎకరం రెండు వేలే. తేడా నాలుగు వేలు, ఇరవై ఎకరాలకి ఎనభై వేలు. ఆ తేడాయే ఈజ్‌మెంట్ ధర. భూమి మొత్తం కొనే ఖర్చు కన్నా తక్కువ, రైతుకి ఉత్తినే పోగొట్టుకోవడం కన్నా మేలు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, వ్యవసాయ శాఖ నడిపేది. 1985 ఫార్మ్ బిల్లులో ముందు స్వాంప్‌బస్టర్ అనే నియమం వచ్చింది. చిత్తడి నేలని సాగులోకి మారిస్తే ప్రభుత్వ వ్యవసాయ సాయాలు పోతాయి. కర్ర చూపించారన్నమాట. 1990లో బెల్లం పెట్టారు, వెట్‌లాండ్ రిజర్వ్ ప్రోగ్రామ్. 2014లో దాని పేరు, నిర్మాణం మార్చారు గానీ పని అదే. ఇది ఇప్పటికే ఎండగట్టి పాడైన భూములకి. శాశ్వత ఈజ్‌మెంట్ ఇస్తే దాని విలువంతా ఇస్తారు, కాలవలు పూడ్చి మళ్లీ నీళ్లు నిలిచేలా చేసే ఖర్చులో 75 నుంచి 100 శాతం పెట్టుకుంటారు. ముప్పై ఏళ్లకే ఇస్తానంటే రెండింట్లోనూ 50 నుంచి 75 శాతం. ఎప్పుడూ మునిగే ఏటిగట్టు పొలాలు చాలా ఇలా మళ్లీ చిత్తడి అయ్యాయి. మునకలో ఏటా నష్టపోయే రైతుకి అది దేవుడిచ్చిన బేరం.

మూడోది దానం. డబ్బులు తీసుకోకుండా ఒక ల్యాండ్ ట్రస్టుకి ఈజ్‌మెంట్ రాసిచ్చేస్తే, దాని విలువని ఆదాయపు పన్నులో తగ్గించుకోవచ్చు. నిజాయితీగా చేసినవాళ్లు బోలెడుమంది. కానీ డబ్బున్న చోట బుర్రలు ఎలా పనిచేస్తాయో మనకి తెలియనిది కాదు. కొంతమంది పెట్టుబడిదారులు గుంపుగా చేరి చవకగా భూమి కొనడం, అక్కడ రిసార్టు, గోల్ఫ్ కోర్సు వచ్చేది అని అప్రైజర్‌తో కొనుగోలు ధరకి ఎన్నో రెట్ల విలువ వేయించడం, ఈజ్‌మెంట్ దానం చేసి ఆ పెద్ద అంకె మీద పన్ను ఎగ్గొట్టడం. ఐఆర్‌ఎస్ ఏళ్లపాటు కోర్టుల్లో కొట్లాడింది. చివరికి 2022 డిసెంబర్లో కాంగ్రెస్ చట్టం చేసి, ఇలాంటి భాగస్వామ్యాల్లో పెట్టిన డబ్బుకి రెండున్నర రెట్లు దాటి మినహాయింపు అడిగితే, కొన్ని సందర్భాలు తప్ప, అసలేమీ రాదంది. అమెరికాలో ఉన్న మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా "ల్యాండ్‌లో పెట్టు బాబాయ్, ట్యాక్స్ నాలుగింతలు తగ్గుద్ది" అంటే అది ఇదేనేమో చూసుకోండి.

సరే, కాగితం రాశారు. యాభై ఏళ్ల తర్వాత? అసలు పరీక్ష అప్పుడే.

1960ల్లో తాత సంతకం పెట్టాడు, డబ్బు తీసుకున్నాడు, ఖర్చైపోయింది. ఇప్పుడు మనవడి చేతిలో పొలం ఉంది, ఎకరం రేటు ఆకాశంలో ఉంది, టైల్ పైపులు వేసే యంత్రానికి జీపీఎస్ ఉంది. మనవడికి డబ్బు రాలేదు, షరతు మాత్రం వచ్చింది. ఇది అన్యాయం అనేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు, నేను దాన్ని కొట్టిపారేయను. చచ్చిపోయినవాళ్లు బతికున్నవాళ్ల చేతులు కట్టేయడం అది. కానీ తాత భూమే అమ్మేసి ఉంటే మనవడికి భూమే ఉండేది కాదు, దాన్ని ఎవరూ అన్యాయం అనరు. ఒక ముక్క అమ్మితే మాత్రం ఎందుకు అనాలి? కొత్తగా కొన్నవాళ్లకైతే ఫిర్యాదు అసలే లేదు. మన దగ్గర ఈసీ తీసినట్టు అక్కడ టైటిల్ కంపెనీ రిపోర్టిస్తుంది, షెడ్యూల్ బి అనే భాగంలో ఆ భూమి మీదున్న ఈజ్‌మెంట్లు వస్తాయి. అమెరికాలో పొలమో, ఖాళీ స్థలమో కొంటున్న మనవాళ్లు చాలామంది ధర చూస్తారు, షెడ్యూల్ బి చూడరు. చూడండి.

రాష్ట్రమే ఎదురు తిరిగిన సందర్భం కూడా ఉంది. నార్త్ డకోటా 1977లో కొత్త చట్టాలు చేసింది. ఈజ్‌మెంట్లు 99 ఏళ్లకి మించకూడదు, ఇంకా కొన్ని అడ్డంకులు. అంతకుముందు గవర్నర్లు ఇచ్చిన అనుమతుల్ని కూడా వెనక్కి తీసుకోబోయింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, 1983లో కేంద్రం గెలిచింది. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు, దానికి కొత్త షరతులు తగిలించడం కుదరదు అని.

ఇంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది డాక్యుమెంటేషన్ గొడవ. 1976కి ముందు రాసిన ఈజ్‌మెంట్లలో మ్యాప్ లేదు! భూమి సర్వే వివరం మొత్తం రాశారు, ఆఫీసు కాగితాల్లో ఇన్ని ఎకరాల చిత్తడి అని ఒక అంకె వేసుకున్నారు, అంతే. ఏ గుంటో గీయలేదు. తడి సంవత్సరం వస్తే గుంట ఉబ్బుతుంది, రెండు గుంటలు కలిసి ఒకటవుతాయి. అప్పుడు రైతు ఏది ముట్టుకోకూడదు? 1996లో ఎయిత్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. పొలంలో ఎక్కడ నీళ్లు నిలిచినా మాదే అని ప్రభుత్వం అంటే కోర్టు ఒప్పుకోలేదు. ఆ రోజు కాగితంలో రాసుకున్న ఎకరాలకే మీ హక్కు, అవి ఏవో చూపించండి అంది. నాకైతే ఈ తీర్పు న్యాయంగానే అనిపించింది. కొన్నది ఏంటో కొన్నవాడికే తెలియకపోతే అమ్మినవాణ్ణి తప్పుపట్టలేం. 1976 నుంచి మ్యాపులు పెట్టారు. పాతవాటికి మ్యాపులు గీసి రైతులకి పంపడం, వాళ్లకి అప్పీలు అవకాశం ఇవ్వడం అనే పని 2020 తర్వాత కూడా నడుస్తూనే ఉంది. ఒక కాలమ్ ఖాళీగా వదిలేస్తే దాన్ని నింపడానికి రెండు తరాలు పట్టింది.

మ్యాప్ ఉంటే సరిపోదు, చూసేవాడు కూడా ఉండాలి. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్లు విమానాల్లో తిరిగి, కొత్త కాలవ ఏదైనా కనిపిస్తుందా అని చూస్తారు. కాలవైతే పైనుంచి కనిపిస్తుంది, నేల కింద టైల్ పైపు కనిపించదు. గుంటలో చేయి పెట్టకుండా, పక్కన కొన్ని గజాల దూరంలో పైపు వేసినా గుంటలో నీళ్లు మెల్లగా జారిపోతాయి. అందుకే ఎంత దూరంలో వేయొచ్చు అనేది నేల రకాన్ని బట్టి లెక్క కట్టి చెప్తారు. ఇప్పుడు గొడవలు ఎక్కువగా దాని మీదే.

ఇంత కష్టపడి ఈజ్‌మెంట్లే ఎందుకు, చట్టం ఉంది కదా అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది అసలు చిక్కు. క్లీన్ వాటర్ చట్టం ఏ నీటికి వర్తిస్తుంది అనేది అమెరికా సుప్రీంకోర్టు కుదిస్తూ వచ్చింది. వలస పక్షులు వాడుతున్నాయన్న కారణంతో విడి గుంటల మీద కేంద్రానికి అధికారం రాదని 2001లో అంది. 2023 మేలో సాకెట్ కేసులో, నదో సరస్సో లాంటి శాశ్వత నీటితో పైపైన ఎడతెగకుండా కలిసున్న చిత్తడి నేలలకే చట్టం అంది. పాట్‌హోల్ అంటేనే దేనితోనూ కలవని గుంట. అంటే ఆ బాతుల ఫ్యాక్టరీకి కేంద్ర చట్టం కాపలా చాలావరకు పోయింది. స్వాంప్‌బస్టర్ ఉంది గానీ అది ప్రభుత్వ సాయం తీసుకునే రైతుకే. మిగిలినవాటిల్లో ఏ ప్రభుత్వం మారినా, ఏ తీర్పు వచ్చినా కదలనిది రిజిస్టర్ అయిన ఈజ్‌మెంట్ కాగితమే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదంతా చదువుతుంటే నాకు కొల్లేరు గుర్తుకొచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు అందులోకి వస్తాయి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. 1999లో +5 కాంటూర్ దాకా అభయారణ్యం అని ప్రకటించారు, 2002లో రాంసర్ జాబితాలోకి వెళ్లింది. కానీ ఆ గీత లోపల ప్రభుత్వ భూమే కాదు, వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి, పట్టాలున్నాయి. నీళ్లు తగ్గినప్పుడు అందులో వరి వేసుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. డకోటా రైతు ఎండిన గుంటలో దున్నుకున్నట్టే! తర్వాత చేపల చెరువులు వచ్చాయి, గట్లు లేచాయి, 2006లో ఆ గట్లని కొట్టేశారు. పట్టా ఉన్నవాళ్లు మాకేంటి అని అప్పట్నుంచీ అడుగుతున్నారు. +5ని +3కి తగ్గించమని శాసనసభ తీర్మానం కూడా చేసింది. మన దగ్గర వాడినవి రెండే పనిముట్లు, నిషేధం, లేదంటే భూసేకరణ మాట. ఒక్క హక్కు కొనే దారి మనకి లేదా?

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడున్న చట్టంతో చాలా కష్టం. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. దాని నాలుగో సెక్షన్ ప్రకారం ఈజ్‌మెంట్ అనేది ఒక భూమి యజమానికి, ఆ భూమిని బాగా అనుభవించడం కోసం, ఇంకో భూమి మీద ఉండే హక్కు. అంటే రెండు భూములుండాలి. పక్క పొలం ఆయనకి దారి హక్కు ఇవ్వొచ్చు. పక్కన సెంటు భూమి కూడా లేని ట్రస్టుకో, పెలికాన్‌కో ఇవ్వలేరు, పెలికాన్‌కి పట్టా ఉండదు కదా. అమెరికా వాళ్లకీ పాత ఇంగ్లీషు చట్టం నుంచి ఇదే ఇబ్బంది వచ్చింది. 1981లో ఒక నమూనా చట్టం తయారుచేసి, పక్కన భూమి లేకపోయినా పర్యావరణ సంస్థ ఈజ్‌మెంట్ పట్టుకోవచ్చు అని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా రాసుకున్నాయి. మనం కూడా అలాంటి ఒక సవరణ రాసుకుంటే తప్ప ఇది నడవదు.

రెండో చిక్కు చట్టం కన్నా పెద్దది. కొల్లేరులో చెరువు తవ్వడం ఇప్పటికే నిషేధం. నిషేధించిన పనిని చేయనన్నందుకు ప్రభుత్వం ఎందుకు డబ్బులిస్తుంది? ముందు, తర్వాత లెక్కలో తేడా సున్నా వస్తుంది. అందుకే ఇది జిరాయితీ రైతుకి అభయారణ్యం లోపల పనికొస్తుందని నేను అనుకోవట్లేదు, అక్కడ పరిహారం అడగాల్సిందే. ఇది పనికొచ్చేది గీత బయట, ఇంకా ఎవరూ ప్రకటించని చోట్ల. బుడమేరు నీళ్లు పొంగినప్పుడు మునిగే పల్లపు పట్టా పొలాలు, ఊరి పక్కన ప్రైవేటు భూముల్లో ఉన్న కుంటలు, వెంచర్ వేయడానికి రేపో మాపో మట్టి తోలబోయే బాడవ భూములు. 2024 సెప్టెంబర్లో విజయవాడలో బుడమేరు ఏం చేసిందో చూశాం. ఆ నీళ్లు నిలవడానికి చోటిచ్చే పొలానికి ఇవాళ మార్కెట్‌లో ఆ పనికి రూపాయి రాదు, మట్టి తోలితే మాత్రం గజాల లెక్కన వస్తుంది. ఆ ఆసామిని పూడ్చకు అని చెప్పడానికి మన దగ్గర నోటీసు ఉంది, చెక్కు లేదు.

+5, +3 కాంటూర్ల గొడవ, జిరాయితీ పరిహారం లెక్కలు ఇందులో పట్టవు, దానికి వేరే ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండి.